ఉద్దెర ఖాతా చందాల లెక్క అయింది: ఉపా కేసులో మా ఇంటి అనుభవం

మా బామ్మర్ది మీద ఉపా (చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం, యూఏపీఏ) కేసు పడి నాలుగేళ్లు దాటింది. రెండున్నరేళ్లకు పైగా జైల్లో ఉండి హైకోర్టు బెయిల్ మీద బయటికొచ్చాడు, విచారణ ఇంకా సాగుతూనే ఉంది. అందుకే ఊరు పేరు, స్టేషన్ పేరు, కోర్టు పేరు రాయడం లేదు. ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఒక మండల కేంద్రం అనుకోండి. వాడికి అక్కడ బస్టాండ్ ఎదురుగా జిరాక్స్, డీటీపీ షాపు ఉండేది. పెళ్లి కార్డులు, బోనఫైడ్ కాపీలు, పింఛను దరఖాస్తులు, యూనియన్ల కరపత్రాలు, ఏది తెస్తే అది కొట్టి ఇచ్చేవాడు. అందులో ఒక కరపత్రం నిషేధిత సంఘానిదని, వీడూ వాళ్ల మనిషేనని కేసు. మావోయిస్టు పార్టీని కేంద్రం 2009లోనే ఉగ్రవాద సంస్థల జాబితాలో చేర్చింది కాబట్టి కాగితం మీద మావాడు ఉగ్రవాద కేసులో నిందితుడు. కరపత్రం కొట్టాడా అంటే కొట్టాడు. ఎవరిదో తెలిసి కొట్టాడా, లేదా అన్నది కోర్టు తేల్చాలి, నేను చెబితే అయ్యేది కాదు.

ఎక్కడ బాంబు పేలినా టీవీలో, టీ కొట్టు దగ్గర ఒకటే మాట వినిపిస్తుంది, ఉగ్రవాదులకు రాజ్యాంగం ఏంటి, హక్కులేంటి అని. మా ఇంటి సంగతి తెలియక నా మొహం మీదే అన్నవాళ్లున్నారు. నేను అక్కడ వాదనకు దిగను. ఏం జరిగిందో, ఆ హక్కులనేవి ఎక్కడెక్కడ తగిలాయో, ఎక్కడ తగలకుండా పోయాయో మాత్రం చెప్తాను.

తెల్లవారుజామున ఐదింటికి సివిల్ డ్రెస్సులో వచ్చి ఇంట్లోంచి తీసుకెళ్లారు. వాడి భార్య ఫోన్ చేసి "అన్నా, ఎవరో వచ్చి తీస్కపోయిన్రు" అంటే నేను హైదరాబాద్ నుంచి బయల్దేరాను. స్టేషన్‌కి వెళ్తే మా దగ్గర లేడన్నారు. ఇంకో స్టేషన్‌కి వెళ్తే పైవాళ్లని అడగమన్నారు. పైవాళ్లెవరో ఎవరూ చెప్పరు. మర్నాడు సాయంత్రం అరెస్టు చూపించి, అరెస్టు మెమో మీద ఇంటివాళ్ల సంతకం కావాలని పిలిచారు. మెమోలో ఏముందంటే, ఆ రోజు సాయంత్రం నాలుగున్నరకు వాహనాల తనిఖీలో బస్టాండ్ వద్ద అనుమానాస్పదంగా తిరుగుతుండగా పట్టుకున్నామని. పట్టుకున్న వ్యక్తిని 24 గంటల్లోపు మెజిస్ట్రేట్ ముందు పెట్టాలని 22వ అధికరణం చెప్తుంది కదా, ఆ గడియారం ఎప్పుడు మొదలవ్వాలో ఆ టైమ్ గడి చూసుకుంటుంది. వాడి భార్య, నాకు చెల్లె వరస, సంతకం పెట్టే ముందు దాని పక్కనే "నిన్న ఉదయం 5 గంటలకు ఇంటి నుండి తీసుకెళ్లారు" అని రాసింది. టెన్త్ చదివిన పిల్ల. ఎవరూ చెప్పలేదు, తనకే తోచింది. కానిస్టేబుల్ అట్ల రాయొద్దమ్మా అన్నాడు గానీ అప్పటికే రాసేసింది.

ఆ రాత్రి మెజిస్ట్రేట్ గారి ఇంటి దగ్గర హాజరుపరిచారు. వరండాలో నిలబెట్టి పోలీసులు కొట్టారా అని అడిగారు, లేదన్నాడు. లాయర్ ఉన్నాడా, లేకపోతే ప్రభుత్వం తరఫున పెట్టమంటావా అని అడిగారు. ఈ రెండో ప్రశ్న గురించి ఒక మాట చెప్పాలి. మొదటిసారి హాజరుపరిచినప్పుడే మెజిస్ట్రేట్ ఈ సంగతి నిందితుడికి చెప్పి తీరాలని, చెప్పకపోతే విధి నిర్వహణలో లోపం కింద శాఖాపరమైన చర్య ఉంటుందని సుప్రీంకోర్టు గట్టిగా ఆదేశించింది కసబ్ అప్పీలు తీర్పులో, 2012 ఆగస్టు 29న. ముంబైలో చేతిలో తుపాకీతో కెమెరాకి చిక్కినవాడు, మన పౌరుడు కూడా కాదు. అతనికీ సుప్రీంకోర్టు పెద్ద లాయర్‌ని పెట్టింది, అంతా విని, ఉరి ఖాయం చేసింది, అదే ఏడాది నవంబరులో ఎరవాడ జైల్లో ఉరి తీశారు. ఆ తీర్పులో రాసిన మాట మానుకోట (మహబూబాబాద్) దిక్కు జిరాక్స్ షాపువాడికి అక్కరకొచ్చింది. వాడికి ఎందుకు హక్కు అని 2008లో అందరం అన్నదే అమలైపోయి ఉంటే, ఆ వరండాలో మావాణ్ని ఆ ప్రశ్న అడగాల్సిన పని ఎవరికీ లేదు.

లాయర్ దొరకడం మాత్రం అంత సులువు కాలేదు. ఉపా అనగానే ఒకాయన ఫైలు మూసి చేతికిచ్చారు, ఇంకొకాయన ఇంట్లో ఒప్పుకోరన్నారు. చివరికి హనుమకొండలో ఒక పెద్దాయన తీసుకున్నారు. ఆయన మొదట అడిగింది కేసు వివరాలు కాదు, మీ ఇంటి ఎదురుగా సీసీ కెమెరా ఉందా అని. ఎదురింటి కిరాణా షాపుకి ఉంది. పాత రికార్డింగ్ మీద కొత్తది ఎక్కేస్తుంది, వెంటనే తీసుకోండి అన్నారు. షాపాయన "నన్ను లాగకు అన్నా, పిల్లలున్నరు" అన్నాడు. ఆయన్ని తప్పుపట్టలేను. కానీ రెండు రోజుల తర్వాత పాల ప్యాకెట్‌తో పాటు ఒక పెన్‌డ్రైవ్ కవర్లో పెట్టి చెల్లె చేతికిచ్చాడు, ఒక్క మాట మాట్లాడలేదు. ఐదు గంటల ఏడు నిమిషాలకు జీపు, అందులోకి మావాడు, అంతా ఉంది. అది మెమోలో చెల్లె రాసిన మాటకి తోడైంది.

బంధువుల గురించి ఎక్కువ రాయను. ఫోన్లు తగ్గాయి, అంతే. ఇంటి ఓనర్ మర్యాదగానే ఖాళీ చేయమన్నాడు. అప్పుడు కోపమొచ్చింది గానీ, ఆయన భయం ఉత్తదేం కాదు. పాట్నా దగ్గర ఒక రిటైర్డ్ కానిస్టేబుల్ మేడ మీది పోర్షన్ అద్దెకివ్వడంతో ఉపా కేసులో ఇరుక్కుని జైలుకెళ్లాడు. 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు అతనికి బెయిలిస్తూ, బెయిలే నియమం, జైలు మినహాయింపు అన్న సూత్రం ఉపా లాంటి చట్టాలకూ వర్తిస్తుందని చెప్పింది. అదే ఏడాది ఫిబ్రవరిలో పంజాబ్ కేసులో ఇదే కోర్టులో ఇంకో బెంచ్ దీనికి తలకిందులుగా, ఈ చట్టం కింద జైలే నియమం అన్న ధోరణిలో తీర్పు ఇచ్చింది. మీ కేసు ఏ బెంచ్ ముందు పడుతుందో అది మీ జాతకం.

మామూలు కేసుల్లో 60 రోజులకో 90 రోజులకో ఛార్జిషీట్ రాకపోతే బెయిల్ హక్కుగా వస్తుంది. ఉపాలో పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్) రిపోర్టు ఇచ్చి కోర్టు ఒప్పుకుంటే అది 180 రోజులు అవుతుంది. మా లాయర్ గారు 91వ రోజు పొద్దున వేయడానికి పిటిషన్ టైప్ చేయించి పెట్టుకున్నారు. దానికి ముందే గడువు పొడిగించేశారు. పీపీ రిపోర్టు ఒకే పేజీ, దర్యాప్తు పురోగతిలో ఉంది, ఫోరెన్సిక్ నివేదిక రావాలి అని. మావాడికి ఆ సంగతి తర్వాతి వాయిదాకి జైలు నుంచి వీడియోలో చూపించినప్పుడు తెలిసింది. నిందితుణ్ని హాజరుపరచకుండా, అతనికి చెప్పకుండా ఇలా పొడిగించడం చెల్లదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరులో గుజరాత్ కేసులో చెప్పింది. మాకు అప్పటికే ఛార్జిషీట్ వచ్చేసి ఏడాది అయింది.

ఇక ఛార్జిషీట్. రెండు ఇనప్పెట్టెల్లో వచ్చింది. సగం పైన ఫోన్ కాల్ లిస్టులు. సాక్షుల వాంగ్మూలాలు కొన్నింటిలో పేరుండదు, ఏ, బి, సి అని ఉంటుంది, మధ్యలో లైన్ల మీద నల్ల సిరా. ఎవరు చెప్పారో తెలియకుండా ఏం చెప్పారో చదవాలి. సాక్షుల ప్రాణభయం నిజమైనదే కావచ్చు, దాన్ని నేను కొట్టిపారేయను.

నా ప్రాణం విసిగింది పంచనామా దగ్గర. పంచులు, అంటే స్వాధీనానికి సాక్షులు, ఇద్దరూ రెవెన్యూ ఉద్యోగులు. షాపులో స్వాధీనం చేసుకున్న వస్తువుల్లో సీపీయూ, రెండు పెన్‌డ్రైవ్‌లు, కరపత్రాల కట్ట, కొన్ని పుస్తకాలు, వాటిలో నాలుగైదు హైదరాబాద్ బుక్ ఫెయిర్‌లో ఎవరైనా కొనుక్కునేవే. ఆ కింద "ఎరుపు అట్ట గల నోటు పుస్తకం ఒకటి, అందులో వ్యక్తుల పేర్లు, వాటి ఎదురుగా సొమ్ము వివరాలు". నాకు ఆ పుస్తకం తెలుసు. నేనే సంక్రాంతికి వెళ్లినప్పుడు కౌంటర్ మీద చూశాను. అది ఉద్దెర ఖాతా. పంతులు 240, బ్యాంకు మిత్ర 85, సర్పంచి సాబ్ 1,100 అని ఉంటుంది, ఇచ్చినవాళ్లకి అడ్డగీత. సర్పంచి 1,100కి మాత్రం అడ్డగీత ఎప్పటికీ పడలేదు, అది వేరే సంగతి. ఛార్జిషీట్‌లో అది నిషేధిత సంస్థకు చందాలిచ్చినవారి లెక్క అయింది.

నేను లాయర్ గారితో అన్నాను, సార్, దీనిదేముంది, ఆ పంతుల్ని తీసుకొచ్చి నిలబెడదాం, నేను జిరాక్సులకు 240 బాకీ అని చెప్తాడు, అయిపోతుంది కదా అని. ఆయన నవ్వలేదు. "ఇప్పుడు కాదు, ట్రయల్లో" అన్నారు. ఉపాలో 43డి సెక్షన్ ఐదో క్లాజు ఉంది. కేసు డైరీ, ఛార్జిషీట్ చూసి, ఆరోపణ పైపైన చూస్తే నిజమేననిపించడానికి ఆధారాలున్నాయని జడ్జి అనుకుంటే బెయిల్ ఇవ్వకూడదు. 2019 ఏప్రిల్‌లో వటాలీ కేసులో సుప్రీంకోర్టు దీన్ని ఇంకా బిగించింది. ప్రాసిక్యూషన్ పెట్టిన కాగితాన్ని బెయిల్ దశలో లోతుగా తూకం వేయకూడదు, అది సాక్ష్యంగా చెల్లుతుందా లేదా అన్నది కూడా అప్పుడు చూడక్కర్లేదు అని. అంటే వాళ్లు చందా లెక్క అంటే అప్పటికి చందా లెక్కే. అది ఉద్దెర ఖాతా అని చెప్పుకునే హక్కు మావాడికి ఉంది, ఎవరూ తీసేయలేదు, కానీ ఆ హక్కు వాడుకునే రోజు ట్రయల్ మొదలయ్యాక వస్తుంది. ట్రయల్ ఎప్పుడు మొదలవుతుంది అంటే సాక్షులు వందకు పైన, కోర్టు ఒకటి, జడ్జి గారు మధ్యలో బదిలీ.

ప్రత్యేక చట్టాలు వద్దని నేననను. కానీ నిందితుడికి హక్కులుండాలా వద్దా అనే చర్చ అంతా టీవీల కోసమే. చట్టంలో ఏ హక్కూ కొట్టేయలేదు. లాయర్ ఉన్నాడు, విచారణ ఉంది, అప్పీలు ఉంది. వాటన్నిటికీ ముందు ఎన్నేళ్లు లోపల కూర్చోవాలో రాయలేదు, అంతే. స్పెషల్ కోర్టులో మా బెయిల్ పిటిషన్ కొట్టేసిన ఉత్తర్వులో ఆ నోటు పుస్తకం గురించి ఒకే వాక్యం ఉంది, "దాని స్వభావాన్ని ఈ దశలో నిర్ణయించజాలము" అని. జడ్జి గారిని తిట్టుకోలేదు, చట్టం ఆయన చేత అనిపించిన మాట అది.

ములాఖత్‌కి వెళ్తే అద్దం అవతల వాడు, ఇవతల మేము, మధ్యలో ఫోన్ రిసీవర్. అత్తమ్మకి, అంటే వాడి తల్లికి, చెవులు సరిగా వినపడవు. ఆమె రిసీవర్ చెవికి పెట్టుకుని ఏమంటున్నాడో అర్థం కాక, ఊ, ఊ అంటూ తలూపేది. వాడు మొదట అడిగేది షాపు అద్దె. తర్వాత "బావా, పంతులు పైసలిచ్చిండా?" అని. ఆ ప్రశ్న రికార్డవుతుందేమోనని నాకు టెన్షన్, వాడికి లేదు.

ఆ రోజుల్లోనే, 2022 అక్టోబరులో, ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా గారి తీర్పు వచ్చింది. అమలాపురం నుంచి వెళ్లి ఢిల్లీలో ప్రొఫెసర్ అయిన మనిషి, చక్రాల కుర్చీలోంచి కదల్లేడు, మావోయిస్టులతో సంబంధాలున్నాయన్న కేసులో 2017లో గడ్చిరోలి కోర్టు యావజ్జీవం వేసింది. బాంబే హైకోర్టు నాగపూర్ బెంచ్ అక్టోబరు 14న విడుదల చేయమంది, ఉపా 45వ సెక్షన్ ప్రకారం తీసుకోవాల్సిన అనుమతి సరిగ్గా తీసుకోలేదని. మర్నాడు శనివారం, సుప్రీంకోర్టు ప్రత్యేకంగా కూర్చుని ఆ తీర్పుని ఆపేసింది. టెక్నికల్ పాయింట్ మీద బయటపడబోయాడు అన్నారు చాలామంది. ఆ టెక్నికల్ పాయింట్ ఏంటో మా పెట్టెలో చూశాక నాకు తెలిసింది. పోలీసులు సేకరించిన సాక్ష్యాన్ని వాళ్లతో సంబంధం లేని ఒక అధికారి వేరుగా పరిశీలించి సిఫార్సు చేయాలి, దాన్నిబట్టి ప్రభుత్వం అనుమతి ఇవ్వాలి, రెండింటికీ వారం వారం గడువు. నిందితుడి తరఫు మాట వినకపోయినా, పోలీసుల మాటని పోలీసు కాని మనిషి ఒకరు చదివే చోటు మొత్తం చట్టంలో మొదట్లో అదొక్కటే. మావాడి అనుమతి ఉత్తర్వు పేజీన్నర. అందులో నిందితులందరి పేర్లు వరసగా ఉన్నాయి, సాక్ష్యాలు పరిశీలించడమైనది అని ఉంది, ఎవరి మీద ఏ సాక్ష్యమో లేదు. ఎర్ర అట్ట పుస్తకం ఎవరైనా తెరిచి ఉంటే మొదటి పేజీలోనే "శ్రీరామ. ఉద్దెర" అని రాసి ఉంది.

సాయిబాబా గారిని హైకోర్టు 2024 మార్చి 5న రెండోసారి నిర్దోషి అంది, ఈసారి సాక్ష్యాలు కూడా చూసి. అక్టోబరు 12న నిమ్స్‌లో పోయారు. జైల్లో ఉండగా తల్లి చనిపోతే చూడ్డానికి పెరోల్ ఇవ్వలేదు. మా అత్తమ్మ ఆ పెరోల్ వార్త చదివించుకుని విన్నప్పటి నుంచి నేను ములాఖత్‌కి పోను అనే మాట అనలేదు, మోకాళ్లు ఎంత నొప్పున్నా.

మాకు దారి దొరికింది నజీబ్ తీర్పుతో. 2021 ఫిబ్రవరి 1న సుప్రీంకోర్టు చెప్పింది, 43డి ఎంత కఠినంగా ఉన్నా, విచారణ ఇప్పట్లో అయ్యేలా లేనప్పుడు, మనిషి చాలాకాలం లోపల మగ్గినప్పుడు, 21వ అధికరణం కింద హైకోర్టు, సుప్రీంకోర్టు బెయిల్ ఇవ్వొచ్చని. కేరళలో ప్రొఫెసర్ చెయ్యి నరికిన కేసు అది, ఆ నిందితుడు ఐదేళ్లకు పైగా జైల్లో ఉన్నాడు, ఇంకా 276 మంది సాక్షులు మిగిలి ఉన్నారు. మా హైకోర్టు ఉత్తర్వులో ఆ తీర్పే ప్రధానం. చూడండి, ఎంతకాలం ఉన్నాడన్నదే బెయిల్‌కి కారణమైంది. లోపల ఉంటేనే బయటికి రావడానికి అర్హత పుడుతుందన్నమాట.

బెయిల్ వచ్చాక ఇద్దరు జామీనుదారులు కావాలి. గవర్నమెంటు ఉద్యోగులు ఒక్కరు ముందుకు రాలేదు. రిటైరైన ఆర్టీసీ కండక్టర్ ఒకాయన, మా మామయ్య దోస్తు, ఇంటి పన్ను రసీదు, పట్టా కాగితాలు సంచిలో వేసుకొని వచ్చాడు. కోర్టులో ఏ కేసో తెలుసా అని అడిగితే, "తెల్సు సార్. పిలగాడు పారిపోతే నా ఇల్లు పోతది, గది గూడ తెల్సు" అన్నాడు. బెంచ్ క్లర్క్ తల దించుకుని నవ్వుకున్నాడు.

ఆఫీసులో నా పక్క సీట్లో ఒకాయన ఉన్నారు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలినప్పుడు 107 బస్టాప్ దగ్గర ఉన్నారు, కాలిలో ఇప్పటికీ ఇనుప ముక్క ఉంది. హక్కులేంటి అని ఆయన అంటే నేను నోరెత్తను, ఆయనకి ఆ కోపం ఉండాలి. కానీ ఆ కేసులో ఏమైంది? నిందితులకు లాయర్లున్నారు, సాక్షుల్ని క్రాస్ చేశారు, ఏళ్లు పట్టింది, 2016 డిసెంబరులో ఐదుగురికి ఉరిశిక్ష పడింది, 2025 ఏప్రిల్‌లో హైకోర్టు ఖాయం చేసింది. హక్కులివ్వడం వల్ల ఒక్కడూ తప్పించుకోలేదు. మక్కా మసీదు సంగతి చూడండి. 2007 మేలో పేలుడు కాగానే పాతబస్తీ కుర్రాళ్లని పదుల సంఖ్యలో పట్టుకెళ్లారు, తర్వాత నిర్దోషులని తేలింది, అప్పటి ప్రభుత్వం పరిహారం కూడా ఇచ్చింది, 2013లో హైకోర్టు ఆ పరిహారం చెల్లదంది. దర్యాప్తు ఇంకో దిక్కు తిరిగి, విచారణకు నిలిచిన ఐదుగురినీ 2018 ఏప్రిల్‌లో కోర్టు విడిచిపెట్టింది. పోయినవాళ్ల ఇంటివాళ్లకి దక్కిందేంటి? ఇది చెప్తే ఆయన కాసేపు ఆగి, "మరి మీవాడి ట్రయల్ ఎప్పుడు?" అని అడిగారు. నాతో కేసు గురించి ఆయన మామూలుగా మాట్లాడిన మొదటి మాట అది.

నన్నడిగితే 43డిలోని ఆ ఐదో క్లాజుకి ఒక గడువు పెట్టాలి. ఇన్ని నెలల్లో ట్రయల్ మొదలు కాకపోతే ఆ బిగింపు పోయి మామూలు బెయిల్ రూల్ రావాలి, అంతకు మించి అడగను.

ట్రయల్ ఈ ఏడాది మొదలైంది. పంచనామా సాక్షుల్లో ఒకరిని క్రాస్ చేశారు, ఆ నోటు పుస్తకం తాను తెరిచి చూడలేదని ఒప్పుకున్నారు. రెండో ఆయనకి సమన్లు అందలేదట.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటిది వస్తే కొన్ని సంగతులు. మెమోలో టైమ్ తప్పుంటే సంతకం పక్కనే మీ టైమ్ రాయండి. ఎందుకు అరెస్టు చేశారో రాతపూర్వకంగా అడగండి, 2024 మేలో న్యూస్‌క్లిక్ సంపాదకుడి కేసులో సుప్రీంకోర్టు ఉపా కింద కూడా కారణాలు రాసివ్వాలని, ఇవ్వకపోతే అరెస్టే చెల్లదని తేల్చింది. చుట్టుపక్కల కెమెరాల రికార్డింగ్ ఆ వారంలోనే పట్టుకోండి. 45వ సెక్షన్ అనుమతి ఉత్తర్వుని మీ లాయర్ చేత మొదటే చదివించండి. ప్రతి ఉత్తర్వుకీ సర్టిఫైడ్ కాపీ కోసం అదే రోజు అప్లికేషన్ పెట్టండి. మేం పైకోర్టుకి వెళ్లడంలో ఎక్కువ ఆలస్యం అయింది అక్కడే.